5.50-15: మా పాత ఎంజీకి టైర్లు వెతికిన వైనం

మా ఎంజీ టీడీ కారుకి ఫ్యాక్టరీ ఇచ్చిన టైరు సైజు 5.50-15. ఈ అంకెలు చెబితే నెల్లూరు ఆటోనగర్‌లో షాపు కుర్రాళ్లు ముందు ఫోను తీసి వెతుకుతారు. ఏమీ కనబడక, "ఎంజీ అన్నారు గదా సార్, హెక్టరా?" అని అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు. ఎంజీ పేరుతో హెక్టర్ 2019లో మన రోడ్ల మీదకి వచ్చింది. మాది 1952లో ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన రెండు సీట్ల బండి. 1950 నుంచి 1953 దాకా అవి దాదాపు 30,000 తయారైతే, అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోయాయి. మన వైపు వచ్చినవి చాలా తక్కువ.

మా ఇంటికి ఆ బండి మైకా పుణ్యమా అని వచ్చింది. గూడూరు, సైదాపురం గనుల్లో తీసిన అభ్రకం మద్రాసు రేవు నుంచి విదేశాలకి ఎగుమతి అయ్యే రోజుల్లో మా తాతయ్యది ఆ వ్యాపారమే. మద్రాసులో ఒక దొర తన దేశానికి వెళ్లిపోతూ అమ్మేస్తే కొన్నాడట. వ్యాపారం పడిపోయాక బండి షెడ్డు చేరింది, తాతయ్య పోయాక తాళం చెవి ఎక్కడుందో కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఇంజను, బ్రేకులు బాగు చేయించిన సంగతి మొదలుపెడితే ఇది ఇప్పట్లో తెమలదు. టైర్ల వరకే చెప్తాను.

షెడ్డులో ఉన్నప్పుడు బండికి ఉన్న నాలుగు టైర్లూ ఒక జాతివి కావు. ముందు రెండూ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో తయారైన డన్‌లప్‌లు, 5.90-15, అంటే అంబాసిడర్ కారు సైజు. వెనక ఒకటి ఏ కంపెనీదో అక్షరాలు అరిగిపోయింది, ఇంకొకటి రీట్రేడింగ్ చేయించింది. స్టెప్నీ స్థానంలో ఒట్టి రిమ్ము. డన్‌లప్‌ల పక్క గోడల మీద వేలి గోరు దూరేంత పగుళ్లు. మనకి అర్థమవుతున్నది ఏంటంటే, తాతయ్య కూడా 5.50 సైజు దొరక్క అంబాసిడర్ టైరుతోనే నడిపించాడు. విదేశీ సరుకు దొరకడమే గగనమైన ఆ కాలంలో ఆయనకి వేరే దారి ఏముంది?

నాకు ఉంటుందనుకున్నాను. ఇప్పుడు డబ్బు పెడితే ప్రపంచంలో ఏదైనా వస్తుంది కదా అని.

టైరు కొనే ముందు కొంచెం లెక్క చేసుకోవాలి. ఈ లెక్క రాకపోతే షాపువాడు ఏది చెబితే అది నమ్మాల్సి వస్తుంది. 5.50-15 అంటే టైరు వెడల్పు అయిదున్నర అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు. గోడ ఎత్తు అందులో రాయరు. ఆ కాలపు క్రాస్ ప్లై టైర్లకి, అంటే మన షాపుల్లో నైలాన్ అనే పాత రకానికి, గోడ ఎత్తు దాదాపు వెడల్పంతే. అయిదున్నర అంగుళాలంటే 140 మిల్లీమీటర్లు, రిమ్ము 381. పైనా కిందా గోడలు కలుపుకుంటే టైరు నిలువు 660 దగ్గరికి వస్తుంది. ఇప్పటి కార్లలో బాగా నడిచే సైజు 185/65 ఆర్15 తీసుకోండి. గోడ ఎత్తు 185లో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. నిలువు 621. దాదాపు నాలుగు సెంటీమీటర్లు తక్కువ. టీడీ మడ్‌గార్డులు బయటికి వంగి, చక్రం మొత్తం కనబడేలా ఉంటాయి. ఆ ఖాళీలో పొట్టిగా, వెడల్పుగా ఉన్న టైరు పెడితే పంచె కట్టి కింద స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టు ఉంటుంది.

చూపు సంగతి పక్కన పెట్టినా ఇంకో రెండు చిక్కులున్నాయి. టీడీ రిమ్ము వెడల్పు నాలుగు అంగుళాలే. 185/65 టైరుకి కనీసం అయిదు అంగుళాల రిమ్ము కావాలి. సన్న రిమ్ము మీద బలవంతంగా ఎక్కిస్తే గోడలు లోపలికి లాగుకుని, నేలని తాకే భాగం మధ్యలో ఉబ్బుతుంది. రెండోది గేరు. ఈ బండి వెనక యాక్సిల్ నిష్పత్తి 5.125. అంటే టాప్ గేరులో ఇంజను వెయ్యి చుట్లు తిరిగితే బండి గంటకు 14 మైళ్ల పైచిలుకు వేగంతోనే పోతుంది. అరవై, డెబ్బై కిలోమీటర్లకే 1,250 సీసీ ఇంజను గోల పెడుతుంది. టైరు పొట్టిదైతే ఆ గోల ఇంకా పెరుగుతుంది.

ఇవన్నీ చెప్పాక కూడా షాపుల్లో నాకు వచ్చిన జవాబు ఒక్కటే: "పట్టుద్ది సార్, ఎక్కించేది మేం గదా." రిమ్ముకి పట్టడం వాళ్ల లెక్క. బండికి నప్పడం నా లెక్క. ఆ రెండింటికీ మధ్య నెల్లూరు, కావలి, ఒంగోలు షాపులన్నీ తిరిగాను. ఒంగోలులో ఒకాయన మాత్రం లెక్క శ్రద్ధగా విని, "165/80 కావాలి మీకు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. రేడియల్ టైర్లలో, అంటే ఇప్పటి కార్లకి వేసే రకంలో, 5.50-15కి బదులుగా చాలామంది వేసేది 165 వెడల్పు, 80 శాతం పైచిలుకు గోడ ఉన్నదే. నిలువు 645 దాకా వస్తుంది. లోపలికెళ్లి తెచ్చి చూపించాడు. 165/80 నిజమే, కానీ ఆర్14. స్విఫ్ట్‌కి వేసేది. ఒక్క అంగుళం దగ్గర ఆగిపోయింది. ఆయన నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు, టీ తాగించి పంపాడు.

ఇక విదేశాల వైపు చూశాను. అక్కడ ఈ పాత బండ్ల కోసమే టైర్లు చేసేవాళ్లున్నారు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం చాటనూగాలో కోకర్ అనే కంపెనీ పాత అచ్చులతో కొత్త టైర్లు పోస్తుంది. మిషెలిన్ తన పాత ఎక్స్‌జెడ్‌ఎక్స్ రేడియల్‌ని 165 ఎస్ఆర్ 15 సైజులో పాత కార్ల కోసం ఉంచింది. హాలండు కంపెనీ వ్రెడెస్టైన్‌ది స్ప్రింట్ క్లాసిక్ అని ఒకటుంది, పేరుకి రేడియలే గానీ అచ్చు అరవైల నాటి గీతల టైరులా ఉంటుంది. ఫొటోలో చూస్తేనే మనసు లాగేసింది. ఇందులో ఇంకో తమాషా. వ్రెడెస్టైన్‌ని 2009లో మన అపోలో టైర్స్ కొనేసింది. మనవాళ్ల కంపెనీ టైరే, మనకి తెప్పించుకోవడం కష్టం.

ఎందుకు కష్టం? టైరు ధర కంటే రవాణా, సుంకం ఎక్కువవుతాయని తెలుసు, దానికి సిద్ధపడ్డాను. అసలు అడ్డం కాగితాల దగ్గర. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛగా తెచ్చుకునే జాబితా నుంచి తీసి ఆంక్షల జాబితాలో పెట్టింది. అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. దానికి తోడు కారు టైర్లకి ఐఎస్ 15633 ప్రమాణం కింద ఐఎస్ఐ ముద్ర ఉండాలన్న నిబంధన అంతకు ముందు నుంచే ఉంది. కంటెయినర్ల లెక్కన తెచ్చే పెద్ద దిగుమతిదారుకి ఇవన్నీ మామూలే. అయిదు టైర్ల కోసం నాలాంటివాడు ఈ ఫైలు నడపాలంటే బండి కంటే ముందు నేను పాతబడిపోతాను. చెన్నైలో తెలిసిన కస్టమ్స్ ఏజెంటు మొహమాటం లేకుండా, "సార్, ఆశ వదులుకోండి, పోర్టులో టైర్లు ఉండిపోతే అద్దె మీరే కట్టాలి" అన్నాడు. ఇలా ముక్కుసూటిగా చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.

ఎలాగూ చెన్నై వచ్చాను కదా అని పుదుప్పేట వెళ్లాను. పాత కార్ల సామానుకి పుదుప్పేట తర్వాతే ఏదైనా. ఇరుకు సందుల్లో అడుగడుక్కీ విప్పేసిన ఇంజన్లు, తలుపులు, స్టీరింగులు. అక్కడ దొరికింది 5.90-15, అంబాసిడర్‌ది, కొత్తది. కవరు కూడా తీయలేదు. షాపాయన గర్వంగా దుమ్ము దులిపి చూపించాడు. నేను పక్క గోడ మీద తేదీ వెతికాను.

ఈ తేదీ గురించి చెప్పాలి. టైరు మీద ఒక చోట నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. అంకెలు మూడే ఉంటే 2000కి ముందుది. రబ్బరు వాడినా వాడకపోయినా గట్టిపడుతూనే ఉంటుంది, ఎండా వేడీ తగిలితే ఇంకా తొందరగా. మా బండి లాంటిది ఏడాదిలో తిరిగేది చాలా తక్కువ, గీతలు అరిగి టైరు పోవడం జరగదు, వయసైపోయి పోతుంది. అందుకని మిగతా కార్లవాళ్లు గ్రిప్పు ఎంతుందని చూస్తే, పాత బండివాడు తేదీ చూడాలి. పుదుప్పేట టైరు మీద 2011 ఉంది. గోరుతో నొక్కితే గోరే వంగింది. "కొత్తదే సార్, రోడ్డు చూడలేదు" అంటాడాయన. రోడ్డు చూడకపోవడమే దాని జబ్బు. వద్దన్నాను.

అయితే ఆ టైరు ఒక పని చేసింది. నన్ను అంబాసిడర్ వైపు సీరియస్‌గా చూడమంది. అప్పటిదాకా 5.90ని నేను గతిలేని వాడి టైరు అనుకున్నాను. చేతుల్లోకి తీసుకుని చూస్తే నిటారు గోడ, గుండ్రటి భుజాలు, నేరుగా సాగే వంకర గీతలు. యాభైల నాటి ఫొటోల్లో ఎంజీలకి ఉండే రూపం అదే. నిలువు లెక్కకి 5.50 కంటే ఓ 20 మిల్లీమీటర్లు ఎక్కువ, అంతే. పైగా ఎంజీవాళ్లదే 1958లో వచ్చిన ఎంజీఏ ట్విన్ కామ్ మోడలుకి ఫ్యాక్టరీయే 5.90-15 డన్‌లప్‌లు వేసింది. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మోరిస్, ఎంజీ రెండూ నఫీల్డ్ కుటుంబం బండ్లే. ఆ లెక్కన ఇది పరాయి టైరు కూడా కాదు.

ఇంక కావాల్సింది కొత్త తేదీ ఉన్న అంబాసిడర్ టైరు. ఉత్తరపారాలో కారు తయారీ 2014లో ఆగిపోయింది, మన జిల్లాలో తిరిగేవి అరుదు, ఇక్కడి షాపువాడు తెప్పించి పెట్టుకోడు. కానీ కలకత్తాలో పసుపు టాక్సీలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగాయి. టాక్సీ ఉన్న చోట టైరు ఉంటుంది, టాక్సీవాడు ఏళ్ల తరబడి నిల్వ ఉన్నది కొనడు కాబట్టి తాజాగా కూడా ఉంటుంది. ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒక టైర్ల డీలరుని పట్టుకున్నాను. నా హిందీ, ఆయన హిందీ రెండూ అంతంత మాత్రం. తేదీ ఫొటో పంపమంటే ముందు టైరు మొత్తం ఫొటో పంపాడు, తర్వాత షాపు ఫొటో, తర్వాత తన ఫొటో. చివరికి ఆ నాలుగు అంకెలు వచ్చాయి. ఆరు నెలలు కూడా కాలేదు.

రవాణా మా బావ చూసుకున్నాడు. ఆయనది పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం. ఇక్కడి కాయలు లారీల్లో కలకత్తా దాకా పోతాయి. "తిరుగు లోడులో వేయించుకొస్తాలే, పార్సిలు ఆఫీసులు ఎందుకు మధ్యలో" అన్నాడు. అలా అయిదు టైర్లు, ఆరు ట్యూబులు హైవే మీద మూడు రాష్ట్రాల మీదుగా వచ్చి పొదలకూరులో దిగాయి. ఇంటికి తెచ్చాక కూడా కొన్ని రోజులు వరండాలో నిమ్మకాయ వాసన. మా ఆవిడ మాత్రం, "హాల్లోకి తెస్తే ఊరుకోను" అని ముందే చెప్పేసింది.

ట్యూబులు ఎందుకంటే, ఆ కాలపు రిమ్ములకి లోపల టైరు అంచుని పట్టి ఉంచే గట్టు ఉండదు. ట్యూబు లేకుండా వేస్తే మలుపులో గాలి పోయి టైరు రిమ్ము దిగిపోయే ప్రమాదం. ఆరోది ఎందుకంటే, ఎక్కించేటప్పుడు లీవరు తగిలి ఒకటి పోవడం మామూలే. మీరు రేడియల్ ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసేట్టయితే లోపల అంటించిన కాగితం స్టిక్కర్లు పీకి శుభ్రం చేయండి, అవి ట్యూబుని రాసి రాసి చిల్లు పెడతాయి.

రిమ్ముల పని వారం పైన పట్టింది. సాండ్ బ్లాస్టింగ్‌లో తుప్పు పోయాక ఒకటి కొంచెం సొట్టగా తేలింది, లేతు మీద తిప్పి చూసి సరిచేశారు. వాల్వు రంధ్రం అంచులు గరగరలాడుతుంటే ఎమరీ పేపరుతో రుద్దాం. రంగు సిల్వర్.

ఎక్కించడం మిషను మీద వద్దనుకున్నాను. దాని దవడలు పాత రిమ్ము అంచుని గీకేస్తాయి. మినీ బైపాస్ మీద లారీ పంక్చర్లు వేసే ఒక భాయ్ ఉన్నాడు, అరవై దాటాయి. ఆయన చేతి పని చూడాలి. ట్యూబుకి ముందు పౌడరు పట్టించి, కొంచెం గాలి కొట్టి, టైరులో పెట్టి, సబ్బు నీళ్లు పూసి రెండు లీవర్లతో లోపలికి జార్చాడు. పూర్తిగా గాలి కొట్టి, మళ్లీ మొత్తం తీసేసి, రెండోసారి కొట్టాడు. ఎందుకు భాయ్ అంటే, "ట్యూబు మడతలు సర్దుకోవాల గదా సామీ" అన్నాడు. మొదటి గాలికి ట్యూబు ఎక్కడైనా మడతపడి ఉంటే ఆ మడత దగ్గరే నెల తిరక్కుండా చిల్లు పడుతుందట. ఆరో ట్యూబు అవసరం రాలేదు. మిషను మీద బాలెన్సింగ్ మాత్రం వేరే షాపులో చేయించాం. నైలాన్ టైర్లు కొంచెం గుండ్రం తప్పి ఉంటాయి, రెండింటికి బరువులు బాగానే పట్టాయి. తక్కువ బరువు పట్టినవి ముందుకి వేశాం.

బిగించాక ముందు చూసుకోవాల్సింది స్టీరింగు. పూర్తిగా అటూ ఇటూ తిప్పి, బానెట్ ముందు ఇద్దరు మనుషులు బరువేసి కిందికి నొక్కగా టైరు ఎక్కడైనా తగులుతుందేమో చూశాం. మడ్‌గార్డు లోపల తడి బంకమట్టి అద్ది ఉంచాను, తగిలితే మట్టి మీద గుర్తు పడుతుందని. పడలేదు. వెనక స్టెప్నీ స్టాండులో కూడా లావు టైరు సరిపోయింది. టీడీకి స్టెప్నీ దాచే చోటు లేదు, పెట్రోలు ట్యాంకు వెనక నిలబెట్టి అందరికీ కనబడేలా ఉంటుంది. అందుకే నాలుగు కొని ఊరుకోలేకపోయాను.

గాలి విషయంలో పెట్రోలు బంకుల్లో జాగ్రత్త. చెప్పకపోతే 32 కొట్టేస్తారు. తొమ్మిది వందల కిలోలకి అటూ ఇటూ ఉండే బండి, ఆరు ప్లై రేటింగు ఉన్న టాక్సీ టైరు. అంత గాలికి బండి నడవదు, ఎగురుతుంది. నేను 24తో మొదలుపెట్టి, టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, కొంచెం దూరం నేరుగా నడిపి చూశాను. మధ్యలో సుద్ద ముందు పోతే గాలి ఎక్కువ, అంచుల్లో పోతే తక్కువ. అలా తగ్గిస్తూ, పెంచుతూ ముందు 22, వెనక 24 దగ్గర గీత సమానంగా చెరిగింది.

మైపాడు రోడ్డు మీద మొదటిసారి తీశాను. మొదటి రెండు మూడు కిలోమీటర్లు దడదడ. నైలాన్ టైరు రాత్రంతా ఒకే చోట నిలబడితే కింద చదునవుతుంది, వేడెక్కితే మళ్లీ గుండ్రం తిరుగుతుంది. ఇది తెలియనివాళ్లు బాలెన్సింగ్ చెడిందని షాపుకి పరిగెడతారు. తర్వాత నిమ్మళంగా పోయింది. ఫోనులో జీపీఎస్ పెట్టి చూస్తే, మీటరు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు చూపించినప్పుడు అసలు వేగం 66. టైరు పెద్దది కాబట్టి మీటరు కాస్త తక్కువ చూపిస్తుంది. ఇంజను గోల మాత్రం కొంచెం తగ్గింది.

హైవే సర్వీసు రోడ్డు మీద లారీలు తొక్కిన గాడి వచ్చిందంటే నైలాన్ టైరు ఆ గాడిలోకి లాక్కుపోతుంది, స్టీరింగుని సర్దుతూనే ఉండాలి. తడి రోడ్డు మీద బ్రేకు వేసే ముందు రెండుసార్లు ఆలోచించాలి. ఈ బండిని రోజూ నడిపేవాళ్లెవరైనా నన్నడిగితే రేడియలే వేయమంటాను, 165 ఆర్15 దొరికితే. ఒకే యాక్సిల్ మీద ఒకటి అది, ఒకటి ఇది మాత్రం వేయకూడదు. నా బండి మాత్రం రోజూ తిరిగేది కాదు. వింటేజి రిజిస్ట్రేషనుకి దరఖాస్తు పెట్టాను. 2021లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి పనులకి మాత్రమే రోడ్డెక్కాలి. నేను మైపాడు దాకా పోయింది రిపేరు ఖాతాలో వేసుకున్నాను.

కలకత్తా డీలరు ఇంకో సెట్టు తీసుకోమంటున్నాడు, ఆ టైరు ఇంకా ఎన్నాళ్లు దొరుకుతుందో చెప్పలేనని. ఆలోచించాను గానీ, తీసుకుని నా వరండాలో పెట్టినా దాని వయసు ఆగదు కదా. ట్యూబులు మాత్రం ఇంకో నాలుగు పంపమన్నాను. బావ లారీ వచ్చే వారం బయలుదేరుతుంది.